స్పీకరు పెట్టెకు దూదా, కంబళా?

ఆదోనిలో పుట్టిన మనిషికి లోకంలో ఏది తక్కువైనా ఆ చోట దూది పెట్టొచ్చనిపిస్తుంది. దెబ్బ తగిలితే దూది, దిండు పలచబడితే దూది, కిటికీ సందులోంచి గాలి కొడితే దూది. మా ఆయన స్పీకరు పెట్టె చేసినప్పుడు లోపల ఏం కూరాలన్నది ఆయనకు ప్రశ్నలాగే తోచలేదు. నాకు తోచింది. నేను ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటి పిల్లని, పైగా ఆదోని కాలేజీలో ఫిజిక్సు చదివినదాన్ని. ఈ రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా ఆడది నోరు మూసుకుని ఉండదు. నాకు రెండూ ఉన్నాయి.

ఆయన నాకు మేనమామ కొడుకు. పెళ్ళికి ముందూ బావా అనే పిలిచాను, తర్వాతా అంతే. మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచి పడదని చుట్టాలు చెప్పుకుంటారు. వాళ్ళకేం తెలుసు. మాకు పోట్లాడుకోవడం బ్రహ్మాండంగా పడింది, అందుకే పెళ్ళి చేసుకున్నాం. ఉగ్గానిలో నిమ్మకాయ ఎప్పుడు పిండాలి అన్న దగ్గర్నుంచి ఓటు ఎవరికెయ్యాలి అన్నదాకా ఆయన ఒకటంటే నేను రెండనేదాన్ని, ఆయన ఆ రెండిట్లోనూ తప్పు పట్టేవాడు. వీధిలో పోయేవాళ్ళు మా గుమ్మం ముందు కాసేపు ఆగి, విని, నవ్వుకుని పోయేవాళ్ళు. ఇలాంటి కాపురం చెవుల మీద నడుస్తుంది.

ఆ చెవులు పోవడం మొదలైంది.

ఆయన పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో పనిచేశాడు. వయసులో ఉన్నప్పుడు యంత్రాల దగ్గర, తర్వాత పత్తి చూసి రకం చెప్పే పనిలో. మిల్లులో రోలర్లు తిరుగుతుంటే పక్కమనిషి చెవి దగ్గర నోరుపెట్టి అరిచినా సగమే అందుతుంది. చెవుల్లో ఇంత దూది పెట్టుకోవయ్యా, కావలసినంత ఉంది కదా అని నేను మొత్తుకుంటే, "దూదిలో పని చేస్తా దూది పెట్టుకుంటే నవ్వుతారు మే" అనేవాడు. ఎవరూ నవ్వకుండా కాపాడుకున్నాడు. మొదట కుక్కరు విజిలు పోయింది. తర్వాత మాటల్లోని సన్నటి చప్పుళ్ళు పోయాయి. స, త, ప ఏవీ అందవు, వాటి మధ్య ఉండే లావు మూలుగు ఒక్కటే అందుతుంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. కూతురు బళ్ళారి నుంచి ఫోను చేస్తే బాగున్నావామ్మా అని అడిగేసి, జవాబు రాకముందే ఫోను నా చేతిలో పెట్టేవాడు.

కర్నూలులో చెవి డాక్టరు పరీక్ష చేసి, నరం దెబ్బతింది, తిరిగి రాదు, ఇంకా తగ్గుతుంది అని నాకు చెప్పాడు. ఆయనకూ చెప్పాడు, ఆయనకు వినపడలేదు. చెవి మిషను పెట్టించాం. అది ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు, వీధిలో ఆటోల చప్పుడు అన్నీ పోగేసి చెవిలో కుమ్మరించింది, మాటను మాత్రం విడదీసి ఇవ్వలేదు. మళ్ళీ పోయి సరిచేయించుకొచ్చాం. అప్పుడూ అంతే. ఆయన దాన్ని తీసి అల్మారాలో పెట్టి, "నా చెవి బాగానే ఉండాది. ఈ టీవీలే నోట్లో ఏదో పెట్టుకోని మాట్లాడుతాండాయి" అన్నాడు.

అందులో కొంత నిజం ఉంది. ఇప్పటి టీవీలు అట్టముక్కలా పలచగా ఉంటాయి, వాటి స్పీకర్లు వెనక గోడతో మాట్లాడుతుంటాయి. నేను వాదించి గెలవగలిగినదే, కానీ ఆ కొంత నిజాన్ని పట్టుకుని నేనూ వేలాడాను. చదువుకునే వయసులో ఆయన రేడియోలు విప్పి బిగించేవాడు, ఆంప్లిఫయరు చేసేవాడు. మంచి పెట్టె ఒకటి సొంతంగా చేసి టీవీకి తగిలిస్తే మాటలు తేటగా వస్తాయన్నాడు. చెయ్యమన్నాను.

దళసరి ప్లైవుడ్డు తెచ్చి కోయించి పెట్టె బిగించాడు. స్పీకరు పెట్టి, లోపల ఏమీ లేకుండానే ముందు వార్తలు వేశాం. ఖాళీ బానలో తల దూర్చి మాట్లాడినట్టుంది. నాకే సగం మాటలు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. ఇది పెట్టె తప్పే, ఆయన తప్పు కాదు. స్పీకరు ముందుకు ఎంత మాట్లాడుతుందో వెనక్కీ అంతే మాట్లాడుతుంది. వెనక్కి పోయింది పెట్టె గోడలకు తగిలి తిరిగొచ్చి, ముందు పోయిన మాట మీద పడి దాన్ని తొక్కేస్తుంది. ఆ తిరిగొచ్చేదాన్ని లోపలే మింగేసే మెత్తటిదేదో కావాలి. అది సరిగ్గా ఎంచుకుంటే చాలు, మాట విడిపడుతుంది, ఆయనకు అందుతుంది. ఇద్దరం అలాగే నమ్మాం, వేరువేరుగా.

మర్నాడు ఆయన తెల్లటి పంచెలో మూట కట్టి, పెళ్ళికూతురి చీర తెచ్చినట్టు పత్తి తెచ్చాడు. గింజ తీసిన దూది. నా ముందు కూర్చుని చిటికెడు తీసి రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగి చూపించాడు. మార్కెట్టు యార్డులో పత్తి కొనేవాళ్ళంతా చేసే పని అదే. అలా లాగితే పింజ ఎంత పొడుగో, ఎంత గట్టిదో వేళ్ళకు తెలుస్తుంది. అప్పటికింకా ఎదురుగా కూర్చుని కాస్త గట్టిగా అంటే నా మాటలు ఆయనకు అందేవి.

"ఈ పింజ చూడు మే. ఎంత పొడుగుండాదో. ఈ ఏడు ఇంత మంచి పత్తి నా చేతికి రాలే."

"నూలు వడకతావా, పెట్టెలో కూరతావా?"

"మంచిది దేనికైనా మంచిదే."

"కాదు బావా. పెట్టెలో అది కూలబడకుండా నిలబడల్ల. మోటుది, పొట్టిది, బిరుసుది కావల్ల. నువ్వు వద్దని పక్కకు తోస్తావు సూడు, అది తీసుకురా."

కన్నతల్లిని తిట్టినట్టు చూశాడు. "ఇన్నేండ్లు నాసి పత్తి ఏరి పారేసిన చెయ్యి ఇది. అదే తెచ్చి నా ఇంట్లో పెట్టుకోమంటావా? నలుగురు చూస్తే ఏమనుకుంటారు?"

పెట్టె లోపల ఎవరు చూస్తారని అడిగాను. తనకు తెలుసు కదా అన్నాడు. పత్తిని వేళ్ళతో చూసి బతికినవాడు ఎవడైనా ఇదే తప్పు చేస్తాడు. వాళ్ళకు పత్తి అంటే రేపు నూలయ్యేది. దాని పని ఊరికే ఒక చోట నిలబడి చప్పుడు మింగడం అంటే మనసొప్పదు. పట్టులాంటి ఆ దూదిని విడదీసి, మేఘంలా పొంగించి, పెట్టె నిండా పెట్టాడు. మొదటి వారం బాగుంది. రాను రాను మళ్ళీ బాన గొంతు మొదలైంది. వెనక పలక విప్పి చూస్తే పై సగం ఖాళీ, దూదంతా అడుగున తడిసిన పరుపులా అణిగిపోయి కూర్చుంది. స్పీకరు కొట్టే ప్రతి దెబ్బకూ ఆ నున్నటి పింజ ఒకదాని మీద ఒకటి జారి కిందికి దిగింది. చెప్పానా అన్నాను. మళ్ళీ పొంగించి పెట్టాడు. మళ్ళీ దిగింది. మళ్ళీ చెప్పానా అన్నాను.

అప్పుడు నా వంతు. ఎమ్మిగనూరులో మా తమ్ముడికి ఇంకా మగ్గాలున్నాయి. మగ్గాల కింద మిగిలిపోయే తుక్కు నూలు, ముడిపడి చిక్కుపడిన పోగులు, గోనెసంచిలో పడి ఉంటాయి. ఆ చిక్కే దీనికి మందు, చిక్కుపడింది జారదు కదా అని నా లెక్క. బస్సెక్కి పోయాను. తమ్ముడు సంచి నింపుతూ ఎందుకని అడిగాడు. చెప్పాను.

"బావకు చెవుడొస్తే పెట్టెకు మందేస్తాండారా అక్కా?" అన్నాడు.

"నీ నోట్లో కూరతా ఈ పోగులు. నింపు" అన్నాను. వాడు నింపాడు. తిరుగు బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, వాడి మీద కోపం ఆదోని దాకా మోసుకొచ్చాను.

నూలు నిజంగానే నిలబడింది. బాన గొంతు బాగా తగ్గింది. ఆయన కూడా వార్తల్లో రెండు మూడు మాటలు దొరికాయన్నాడు, అందులో ఒకటి మా ఊరి పేరు. నేను ఇంట్లో తలెత్తుకు తిరిగాను. మగ్గం మీద పడుగు పోగులకు గంజి పెడతారని, ఆ పోగుల నిండా గంజే ఉంటుందని ఆ ఇంట్లో పుట్టిన నేను మర్చిపోయాను. ఎలకలు మర్చిపోలేదు. తీగ పోయే కంతలోంచి దూరి గంజి నాకి, పోగులు కొరికి, పనిలో పనిగా స్పీకరు తీగ కూడా కొరికేశాయి. పెట్టె విప్పిన రోజు ఆయన నవ్విన నవ్వు వీధి చివరికి వినపడి ఉంటుంది.

"మీ ఎమ్మిగనూరు గంజి తాగనీకి మా ఆదోని ఎలకలన్నీ వచ్చినాయి మే. అల్లుళ్ళకు మర్యాద బాగా చేసినారు."

నేను ఊరుకుంటానా. ఎలక్కున్న తెలివి నీ పత్తికి లేదు, కనీసం అది పైకెక్కింది, నీ పత్తి కిందికే దిగింది అన్నాను. ఆ రోజంతా కొట్టుకున్నాం. ఎదురుబదురుగా కూర్చుని, ఆయన నా నోటి వంక చూస్తూ, నేను ఒక్కో మాట విడగొట్టి విసురుతూ. మేం మనసారా పోట్లాడుకున్న ఆఖరి రోజు అదే.

తర్వాత ఏం తెచ్చినా ఉత్సాహం ఉండేది, వాదన ఉండేది కాదు. స్పీకర్లు అమ్మే అంగడివాడు గుడ్ల ట్రేలు అతికించమన్నాడు, అతికించాం. అవి గోడ మీద బాగుంటాయేమో, పెట్టెలో అట్టలే. ఒకరు థర్మకోలు అన్నారు. అది చప్పుడును మింగదు, తిప్పికొడుతుంది, తెలిసి కూడా పెట్టి చూశాం. పరుపుల్లో వేసే ఫోము కొంత నయం. కార్ల తలుపుల లోపల అతికించే తారు షీటు మాత్రం పలకలకు పనికొచ్చింది. అంతకుముందు పాట వేస్తే పెట్టె పలకలు కూడా అదిరేవి. షీటు అంటించాక వేలి కణుపుతో కొడితే రాతిని కొట్టినట్టు మొద్దుగా పలికింది. ఆయన అరచెయ్యి పెట్టె పక్కన ఆనించి కళ్ళు మూసుకుని చూసేవాడు. మిల్లులో యంత్రం లోపల ఏం అరిగిందో చేత్తోనే చెప్పేవాడట. అరచెయ్యికి అన్నీ వినపడేవి. నాకు అది చూస్తే ఏడుపొచ్చేది, అందుకని వంటింట్లోకి పోయి గిన్నెల మీద కేకలేసేదాన్ని. ఈ లోపల నేను చెప్పిందాన్ని ఆయన మూడోసారి అడగడం మానేశాడు. రెండోసారి కూడా అందకపోతే, అందినట్టే ఉండిపోయేవాడు.

కంబళి ఆలోచన నాదే. గొర్రెబొచ్చు మోటుగా, వంకీలు తిరిగి ఉంటుంది, నలిపినా మళ్ళీ లేస్తుంది. అయితే కొత్త కంబళికి చింతగింజల గంజి పెడతారు. గంజితో ఒకసారి బుద్ధొచ్చింది కనక, వానల్లో నాని గంజంతా పోయిన పాతది కావాలి. కోసిగి వైపు ఒక పల్లెకు ఇద్దరం పోయాం. వీధిలో సగం ఇళ్ళకు తాళాలు. అందరూ సుగ్గికి పోయినారమ్మా, కూలిపనులకు, పండగ దాటితే గానీ రారు అని ఒక ముసలామె చెప్పింది. ఆమె మాత్రం ఇల్లు కాచుకుని ఉంది. పాత కంబళి ఉందా అంటే లోపలికి పోయి నల్లది ఒకటి తెచ్చింది. మగనిదట. పోయిన వానకాలం గొర్రెల వెంట పోయి జ్వరం తెచ్చుకుని, ఆస్పత్రికి తీసుకుపోయే లోపలే పోయాడట. అతను పోయిన తర్వాత గొర్రెల్ని అమ్ముకున్నారట. ఆమె ఇదంతా నాకంటే ఎక్కువగా మా ఆయన వైపు తిరిగి చెప్పింది, మగమనిషి కదా అని. మా ఆయన చిరునవ్వుతో తల ఊపుతూ "అవునమ్మా, మంచిది, మంచిది" అన్నాడు.

ముసలామె మాట ఆపేసింది. ఆయన్ని పైకీ కిందికీ చూసి, నావైపు తిరిగింది.

"ఈయప్పకు ఇనపడదా?"

డాక్టరు చెప్పినప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు. తమ్ముడన్నప్పుడు తిట్టాను. కూతురు అడిగినప్పుడు టీవీ పాడైందన్నాను.

"ఇనపడదమ్మా" అన్నాను.

ఆయన నా పక్కనే, భుజం తగిలేంత దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె కంబళి నా చేతిలో పెట్టి, కప్పుకునేవాడు లేడు తీసుకపో అంది. నేనిచ్చిన డబ్బు తీసుకుంది. దీన్ని ఏం చేస్తారని మాత్రం అడగలేదు.

ఆ కంబళిని ఆయనే ఉతికాడు, మిద్దె మీద ఎండేశాడు, నన్ను కత్తెర ముట్టుకోనివ్వలేదు. పలకల మీద తారు షీటు అలాగే ఉంచి, కంబళిని మడతలు మడతలుగా, గోడకు ఆనకుండా కాస్త ఎడంగా వేలాడదీశాడు. వేలాడితే గాలి దాని గుండా పోతూ అలిసిపోతుందని నేను ఎప్పుడో చెప్పాను, గుర్తుపెట్టుకున్నాడు. వెనక పలక బిగించి టీవీ పెట్టాడు.

అంత తేటగా నేను ఏ పెట్టెలోనూ వినలేదు. బాన లేదు, మూలుగు లేదు, పెట్టే లేదు. వార్తలు చదివే అమ్మాయి మా ముందుగదిలో పీట వేసుకుని కూర్చున్నట్టుంది. స అన్నప్పుడు ఆమె పళ్ళ మధ్య గాలి తెలిసింది, ప అన్నప్పుడు పెదవులు విడివడటం తెలిసింది. ఇంకా ఏదో లోపం ఉంటే బాగుండునని వెతికాను. చదువుకున్నదాన్ని, పట్టు దొరికితే వదలను. దొరకలేదు. పెట్టె కుదిరిపోయింది. ఇన్నాళ్ళూ దూది తప్పు, నూలు తప్పు, ఫోము తప్పు అనుకుంటూ వచ్చాం. ఇంక తప్పు మోయడానికి ఆ పెట్టెలో ఏమీ మిగల్లేదు.

ఆయన అరచెయ్యి పెట్టె పక్కన ఆనించి చాలాసేపు ఉన్నాడు. తర్వాత లేచి, పాత మైకు వెతికి ఆంప్లిఫయరుకు తగిలించి, తీగ వంటింటిదాకా లాగి నా చేతిలో పెట్టాడు. మొహం కనపడకూడదు, ఆడ నిలబడి మాట్లాడు అన్నాడు. ముందుగదిలో పెట్టె ముందు పోయి కూర్చున్నాడు.

ఏం మాట్లాడను? జీవితంలో మొదటిసారి నేను మాటల కోసం తడుముకోవాల్సి వచ్చింది. గోడ వైపు తిరిగి, బియ్యం అయిపోయాయి, సాయంత్రం అంగడికి పోవాలి, కూతురు వచ్చే వారం వస్తానంది అని చెప్పాను. నా గొంతు ముందుగదిలోంచి నాకే తిరిగి వినపడింది. నేను అనుకున్నదానికంటే కటువుగా ఉంది. ఆగి, ఏమన్నానో చెప్పు అన్నాను. తొంగి చూశాను.

"గొంతు నీదని తెలుస్తాంది మే" అన్నాడు పెట్టెనే చూస్తూ. "మాట తెలుస్తాలేదు."

నేను పోయి ఎదురుగా కూర్చుని చేతులు ఊపుతూ మొదలుపెట్టాను. గాజు ఉన్ని అని ఒకటుంది, అది చూద్దాం. కొబ్బరి పీచు చూడలేదు. కంబళి ఇంకో పొర వేద్దాం. స్పీకరే మారుద్దాం. నా నోటి వంక కాసేపు చూశాడు, నన్ను ఆపమన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"సాలు. పెట్టెకు ఏమీ కాలే."

అంతే అన్నాడు. మైకు తీగ చుట్టి లోపల పెట్టాడు. ఆ తర్వాత పెట్టె గురించి ఎత్తలేదు, చెవి గురించీ ఎత్తలేదు. డాక్టరు దగ్గరికి మళ్ళీ పోదామా అని పలక మీద బలపంతో రాసి చూపిస్తే, చదివి, పలక తిరగేసి టీపాయి మీద పెట్టాడు. రాసుకుని పోట్లాడుకోవచ్చు కదా అని నా స్నేహితురాలు ఒకామె అంది. ఆమెకు పోట్లాట అంటే ఏమిటో తెలియదు. ఆయన మాట పూర్తి కాకుండానే మీద పడాలి, ఆయన దాన్ని మధ్యలోనే అందుకోవాలి. రాసేలోపల కోపం చల్లారిపోతుంది, రాసిన తర్వాత చూసుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడు ఆయన నాతో అన్నిటికీ ఒప్పుకుంటున్నాడు. కూర బాగుందంటాడు. నేను వద్దన్న చోటికి పోడు. బంధువులు వచ్చినప్పుడు, ఈ వయసులో మీ ఇద్దరికీ ఎంత బాగా కుదిరిందమ్మా అంటున్నారు. టీవీ ఆ పెట్టెలోంచే మోగుతుంది, వినేదాన్ని నేనొక్కదాన్నే. ఆయన పక్కన కూర్చుని బొమ్మలు చూస్తాడు, నేను నవ్వితే నవ్వుతాడు.

మొన్న ఒక మధ్యాహ్నం నాకు పిచ్చి కోపం వచ్చింది. కారణమేమీ లేదు. ఆయన భోంచేస్తున్నాడు, నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. నువ్వొక మొండోడివి, చెప్పింది ఎప్పుడూ వినలేదు, చెవుల్లో ఇంత దూది పెట్టుకోమంటే నలుగురూ నవ్వుతారన్నావు, ఇప్పుడు నన్ను ఈ ఇంట్లో ఒంటరిదాన్ని చేసి కూర్చోబెట్టినావు, నీ అంత దుర్మార్గుడు ఈ ఆదోనిలో ఇంకొకడు లేడు అన్నాను. గట్టిగానే అన్నాను, మొహం మీదే అన్నాను. ఆయన ముద్ద ఆపి, నా నోటి వంక శ్రద్ధగా చూశాడు. నేను ఆపేదాకా ఆగాడు. తర్వాత ఎంతో నిమ్మళంగా తల ఊపాడు.

"సరే మే. అట్లనే సేద్దాంలే" అన్నాడు.

నేను మజ్జిగ పోశాను.